సముద్రం తెరుచుకున్న సంగతి

మా ముత్తాత చుట్టుపక్కల ఊళ్లకు మునసబు. మా తాత మా ఊళ్లో మొట్టమొదట సీమ పొగాకు వేసి, బ్యారన్ అనే కొట్టం కట్టించి పొయ్యి సెగన ఆకు కాల్చినవాడు. కొనేవాళ్లు మా అరుగు ముందు చెప్పులు విడిచి బేరమాడేవారు. మేం ఒకరి అరుగెక్కి ఎరగం. మా నాన్న ఎదుట, ఆయన అడగనిదే ఊళ్లో ఎవరూ నోరు విప్పేవారు కాదు.

యుద్ధం వచ్చింది. ఇంగ్లండు పోయే ఓడలను జర్మనీ సబ్మెరైన్లు ముంచుతున్నాయని పొగాకు కొనేవాడు లేకుండా పోయాడు. రెండు పంటల ఆకు బేళ్లు కట్టి కొట్లో పెట్టాం. సముద్రం తెరుచుకుంటే ధర వస్తుందని నాన్న ఆశ. ఆ ధర వస్తేనే అప్పు తీరి మా చేను మాకు మిగులుతుంది.

1943 ఎండాకాలం చివర ఊళ్లోని పొగాకు బ్రోకరు వచ్చాడు. వాడి తాత మా కళ్లంలో కాటా పట్టి బతికినవాడు. ఇప్పుడు వీడింట్లో రేడియో!

“సముద్రం నిండా సబ్మెరైన్లేనండి అయ్యగారూ. ఓడ కదిల్తే ముంచుతున్నారు. వానలు పడితే మీ ఆకు బూజు పట్టుద్ది. ఏదో పాత ఇల్లు గదాని ఈ ధరకైనా అడుగుతున్నా,” అన్నాడు మా మజ్జిగ తాగుతూ.

నాన్నను లోపలికి పిలిచాను. “ఒక్క పూట ఆగండి. నేను పోయి ఆ రేడియో ఏమంటుందో విని వస్తా.”

“వాడి అరుగెక్కుతావా? సిగ్గు లేదుట్రా నీకు!”

బేళ్లు బళ్లకెక్కాయి. వాడిచ్చింది ఆ ఏటి సేద్యానికే చాలలేదు.

ఆ వారంలోనే మిషన్ బడి మాస్టారు దారిలో కనిపిస్తే యుద్ధం సంగతి అడిగాను.

“సబ్మెరైన్ల పని అయిపోయిందిగా బాబుగారూ! ఓడలకి కాపలాగా విమానాలు తిరుగుతున్నాయంట. ఇప్పుడు సబ్మెరైన్లనే వెతికి ముంచుతున్నారు. మిగిలినవాటిని జర్మనీవోడు వెనక్కి పిలిపించుకున్నాడు. చానా రోజులైంది. బ్రోకరు గారి అరుగు మీదే ఊరంతా విన్నాం.”

“మరి మాకెవరూ చెప్పలేదేం?”

“మీ నాన్నగారు అడగలేదు కదండీ.”

ఊరంతా! మా బండి తోలేవాడితో సహా. అందరూ తెలిసే, నోళ్లు మూసుకుని మా బేళ్లు మోశారు. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. నాన్న తప్పు చేశాడని నేననను. వాడి అరుగు నేనూ ఎక్కలేదు, ఎక్కను. మా గడపలో కూర్చుని, మా మజ్జిగ తాగి, అబద్ధమాడినవాడిది ఆ పాపం. మా మర్యాదను సాకుగా పెట్టుకుని వేడుక చూసిన ఊరిది మిగతా సగం.

ఆ ఏడు కార్తీకంలో నాదెండ్ల దారిలోని నల్లరేగడి చేను బ్యారనుతో సహా అమ్మేశాం. కొన్నది ఆ బ్రోకరే.