స్థిరపడనున్న శుభసందర్భంగా

ఆ రోజుల్లో మా ఇబ్రహీంపట్నం చౌరస్తాలో ఫ్లెక్సీ ఎక్కడానికి మనిషి ఏదైనా సాధించి ఉండాలన్న నియమం లేదు. పుట్టినరోజు వస్తే చాలు, కొత్త బండి కొంటే చాలు, మాల వేసుకుంటే చాలు. అదీ లేకపోతే పండగలు ఉండనే ఉన్నాయి. (ఇప్పుడు మారిందా అంటే, ఫ్లెక్సీల సైజు పెరిగింది, అంతే.) ఫోన్లో పెట్టిన స్టేటస్ తెల్లారేసరికి మాయమవుతుంది గానీ ఫ్లెక్సీ గాలివాన వచ్చేదాకా నిలబడుతుంది కదా, అందుకే మా వాళ్ళకు దాని మీదే గురి. ఆ గురి అందరికంటే ఎక్కువగా ఉన్నవాడు మా చిన్నబాపు, అంటే మా నాన్న తమ్ముడు. చౌరస్తా పక్కనే ఆయనకు మోటార్ల వైండింగ్ దుకాణం ఉండేది. బోరు మోటార్లు కాలిపోయే ఎండాకాలమంతా తలెత్తే తీరిక ఉండదు, మిగతా ఏడాదంతా తీరికే. మా ఇంటి ఫ్లెక్సీలన్నీ ఆ తీరికలోంచే పుట్టేవి. మా చెల్లి పదో తరగతి పాసైతే ఒకటి కట్టించాడు. మా బర్రె పాలపోటీలో మూడో బహుమతి తెచ్చుకుంటే దాన్ని మధ్యలో నిలబెట్టి, చుట్టూ మమ్మల్నందరినీ గుండ్రాల్లో పేర్చి మరొకటి కట్టించాడు. దాంట్లో అందరికంటే హుందాగా ఉన్నది బర్రే.

నేను ఇంజినీరింగ్ పూర్తి చేశాను. ఏ సందులోంచి బయటికొచ్చినా కాలేజీ బస్సు ఎదురయ్యే ఊళ్ళో అది గొప్పేం కాదు గనక దానికి ఫ్లెక్సీ పడలేదు. అప్పుడు నాకు కెనడా మీద మనసు పోయింది. చదువు మీద ప్రేమ అని అందరికీ చెప్పేవాణ్ణి గానీ, అసలు సంగతి మంచు. ఎండలు మండే మా ఊళ్ళో పుట్టినవాడికి మంచు చూడాలన్న సరదా ఎంత ఉంటుందో నన్ను అడగండి. చౌరస్తాలో మందుల షాపు పై అంతస్తులో ఒక కోచింగ్ సెంటర్ ఉండేది. దాన్ని నడిపే ఆయన మే నెల ఉక్కపోతలో కూడా టై విప్పేవాడు కాదు, అందుకని మేమంతా ఆయన్ని టై సార్ అనేవాళ్ళం. చేరిన రోజునే కూర్చోబెట్టి చెప్పాడు.

"జర మంచిగ ఇను. ఇంగ్లీషు పరీక్షల వినుడు, చదువుడు, రాసుడు, మాట్లాడుడు అని నాలుగుంటయి. ఏ ఒక్కదాంట్ల బ్యాండ్, అంటే మార్కు, తక్కువొచ్చినా ఖతం. అది కొట్టినంక కాలేజోళ్ళు సీటియ్యాలె. సీటొచ్చినంక స్టడీ పర్మిట్, అంటే వీసా. అసలు కథంతా ఆడ్నే ఉంది."

ఇంటికొచ్చి అన్నం దగ్గర ఈ మాటలన్నీ వివరంగా చెప్పాను. చిన్నబాపు శ్రద్ధగానే విన్నాడు గానీ, అన్నిట్లోంచీ 'కెనడా' ఒక్కటి ఏరుకుని మిగతావి కంచంలోనే వదిలేశాడని నాకు ఆ రాత్రి తెలియలేదు.

మూడోనాడు పొద్దున చౌరస్తాకు పోతే పైనుంచి నేనే నన్ను చూస్తున్నాను. ఎవరిదో నల్ల సూటు మీద నా తల అతికించారు, మెడ ఒక రంగు, ముఖం ఒక రంగు. వెనక మంచుకొండలు, విమానం, కెనడా జెండా మీది ఎర్రటి ఆకు. కింద గుండ్రాల్లో మా చుట్టాలు, ఫోన్ చెవికి ఆనించుకున్న చిన్నబాపు మాత్రం నాకంటే పెద్దగా. వీటన్నిటి మధ్య పసుపుపచ్చ అక్షరాల్లో 'ఉన్నత చదువులకు వెళ్ళి కెనడాలో స్థిరపడనున్న మా ఇంటి ముద్దుబిడ్డ, యువకిశోరానికి హార్దిక శుభాకాంక్షలు' అని రాసి ఉంది. నేను దుకాణానికి పరుగెత్తాను.

"చిన్నబాపూ, ఏంది ఇది? నేనింక పరీక్షనే రాయలే!"

"రాస్తవ్ గద?"

"రాస్తగానీ..."

"పాసైతవ్ గద?"

"ఏమో, నాకేం తెల్సు?"

"ఏమో ఏందిరా? గంత పెద్ద ఫ్లెక్సీ కొట్టిచ్చినంక ఏమో అంటవా?" అని ఆయనే నన్ను కోప్పడ్డాడు.

ఇక అక్కడినుంచి నా బతుకు చూడాలి. చాయ్ హోటలాయన "ఎప్పుడు ప్రయాణం?" అనేవాడు. మంగలి షాపాయన "ఆడ కటింగ్ మస్తు పిరమంటగా, వేలకు వేలు గుంజుతరంట, జర చిన్నగ కొట్టమంటవా?" అంటూనే, నా జవాబుకు ఆగకుండా మిలిటరీ కటింగ్ చేసేశాడు. బస్సు కండక్టరైతే రోజూ "ఇంక ఈడ్నే ఉన్నవా?" అనేవాడు, నేనేదో ఆయన సీటు ఆక్రమించుకున్నట్టు. పరీక్ష తప్పినా, పర్మిట్ రాకపోయినా ఈ ఫ్లెక్సీ కింద నేను నడవలేను, చిన్నబాపు దుకాణం షట్టరు ఎత్తలేడు. నాకు కెనడా ఎంత కావాలో ఆయన పరువు నిలబడటమూ అంతే కావాలి. ఆ భయానికి నేను చదివిన చదువు ఇంజినీరింగ్ నాలుగేళ్ళలో చదవలేదు.

మాట్లాడే పరీక్షకు సాధన చిన్నబాపు దుకాణంలోనే. ఇచ్చిన విషయం మీద రెండు నిమిషాలు ఆగకుండా మాట్లాడాలి. చిన్నబాపు స్టూలు మీద పరీక్షాధికారిలా కూర్చుని, ఫోన్లో టైము పెట్టుకుని, రాగి తీగ చుడుతూ తల ఊపేవాడు. కాలిన మోటార్లు పట్టుకొచ్చిన రైతులు, పొలం పని ఆగిపోతున్నా కిక్కురుమనకుండా నిలబడి వినేవాళ్ళు. నేను చెమటలు కక్కుతూ మా ఊరి గురించి, నాకిష్టమైన వంట గురించి ఇంగ్లీషులో దంచేవాణ్ణి. అయ్యాక చిన్నబాపు తీర్పు చెప్పేవాడు.

"మస్తు మాట్లాడినవ్ బిడ్డా. ఒక్క ముక్క సమజ్ కాలే. ఇగ పాసైనట్టే."

నిజంగానే పాసయ్యాను! నాలుగింటిలోనూ కావాల్సిన బ్యాండ్లు వచ్చాయి, రాయడంలో అయితే టై సారే ఆశ్చర్యపోయాడు. సీటు కూడా వచ్చింది. నేను ఇంక నేల మీద నడవడం మానేశాను. కండక్టరుతో కూడా ఇంగ్లీషులో మాట్లాడానని గుర్తు. (ఆయన టికెట్ చింపి చేతిలో పెట్టి, ముందుకు జరగమన్నాడు.)

మిగిలింది పర్మిట్. టై సార్ తన బావమరిది పెళ్ళికి కందుకూరు పోయే తొందరలో ఉన్నాడు. మెట్లు దిగుతూనే చెప్పాడు. "చదువైనంక నువ్వు మల్ల ఇంటికొస్తవని వీసా ఆఫీసరుకు నమ్మకం కుదరాలె. ఇక్కడ నీకు ఇల్లుంది, కుటుంబముంది అని సూపియ్యాలె. అన్నీ నువ్వే అప్‌లోడ్ చెయ్యి, నేనొచ్చేదాంక ఆగకు."

కుటుంబం ఉన్నదని ఎలా చూపాలి? ఇంటికొచ్చి తల పట్టుకుని కూర్చుంటే చిన్నబాపు నవ్వాడు.

"గిదానికి ఫికరెందుకురా? మనోళ్ళందరు ఒక్కతాన కనవడేది ఫ్లెక్సీలనే గద! అది పంపు. గింతమంది చుట్టాలను సూశినంక ఎవడైనా కాదంటడా?"

నాకూ భలే సబబుగా తోచింది. ఫ్లెక్సీని శుభ్రంగా ఫోటో తీశాను. తెలుగులో ఉన్నదానికి ఇంగ్లీషు అనువాదం జతచేయాలి గనక, రాయడంలో అంత మంచి బ్యాండ్ తెచ్చుకున్నవాణ్ణి గనక, అనువాదం నేనే చేసి నోటరీ ముద్ర వేయించాను. యువకిశోరం దగ్గర కొంచెం ఇబ్బంది పడ్డాను గానీ, 'స్థిరపడనున్న' మాత్రం పొల్లుపోకుండా దింపాను. ఉత్తినే స్థిరపడతాడంటే బరువు చాలదనిపించి 'శాశ్వతంగా' అని అందం కోసం ఒక మాట కూడా చేర్చాను.

జవాబు రావడానికి ఎక్కువ కాలం పట్టలేదు. 'చదువు పూర్తయ్యాక మీరు మా దేశం విడిచి వెళ్తారన్న నమ్మకం మాకు కలగలేదు' అని సారాంశం. నేను, టై సార్ కంప్యూటర్ ముందు కూర్చుని పంపినవన్నీ ఒక్కొక్కటే తెరిచి చూశాం. ఫ్లెక్సీ దగ్గరికొచ్చేసరికి సార్ ఆగాడు, అనువాదం చదివాడు, మళ్ళీ చదివాడు. ఆయన టై విప్పడం నేను మొదటిసారి చూసింది అప్పుడే.

"ఓరి నీ ఇంగ్లీషు పాడుగాను! నీ అంతట నువ్వే శాశ్వతంగ ఉండిపోతనని రాసిస్తివి గదరా!"

ఏడుపొచ్చింది. దాచుకోను, మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. తర్వాత దుకాణానికి పోయి చిన్నబాపుకు సంగతి చెప్పాను.

"అంటే నువ్వు మల్ల రావనుకున్నడా వాడు?"

"అవ్."

"నీ సంగతి తెల్వక. కాలేజీ టూరు పోయి రెండోనాడే అమ్మ చేసిన పప్పు యాదికొస్తుందని ఫోన్ల ఏడ్శినోనివి నువ్వు. మరి మన ఫ్లెక్సీ సూడలేదా?"

"సూశిండు చిన్నబాపూ. దాంట్ల స్థిరపడుతడని ఉంది గద."

చిన్నబాపు చుడుతున్న తీగ చేతిలో అలాగే ఉండిపోయింది. ఆయన్ని మీద పడి తిట్టాలని దారి పొడుగునా అనుకుంటూ వచ్చినవాణ్ణి, ఆ ముఖం చూసేసరికి నా కోపం ఎటు పోయిందో తెలియలేదు. "పోనీలే, నువ్వు రాయించింది తెలుగులనే గద, శాశ్వతమని చేర్చింది నేనే" అని ఓదార్చి వచ్చాను.

రెండు రోజులు ఇల్లు కదల్లేదు. మూడోనాడు చాయ్ హోటలాయనే ఫోన్ చేసి "ఒకసారి చౌరస్తాకు రా" అన్నాడు. పోయాను. పాత ఫ్లెక్సీ లేదు, దాని చోట కొత్తది. అదే సూటు, అదే మెడ, అవే మంచుకొండలు, అదే విమానం, అవే చుట్టాలు. ఒక్క ముక్కే మారింది. 'ఇబ్రహీంపట్నంలోనే స్థిరపడనున్న మా ఇంటి ముద్దుబిడ్డ, యువకిశోరానికి హార్దిక శుభాకాంక్షలు.' నడిరోడ్డు మీద నిలబడి కళ్ళ నీళ్ళు కారేలా నవ్వాను. నన్ను చూసి హోటలాయన, ఆయన్ని చూసి ఆటోల వాళ్ళు, చౌరస్తా అంతా నవ్వింది. ఆ నవ్వులో నేనేమీ చిన్నబోలేదు. చిన్నబాపు మాత్రం నవ్వకుండా దుకాణం ముందు నిలబడి అన్నాడు, "గిప్పుడు పంపు గా ఆఫీసరుకు. ఇంటిపట్టున ఉంటవని సాక్ష్యం కావాల్నన్నడు గద."

పంపలేదు. మళ్ళీ అప్లై చేసేదాకా ఖాళీగా ఉండటమెందుకు, మాట్లాడే పరీక్షకు పిల్లల్ని తయారు చేయమన్నాడు టై సార్. ఆ 'చేసేదాకా' ఇంకా పూర్తి కాలేదు. సార్ పట్నంలో పెద్ద సెంటర్ పెట్టుకుని వెళ్ళిపోయాడు. మందుల షాపు పైన ఇప్పుడు నేనే కూర్చుంటున్నాను, టై లేకుండా. నా దగ్గర మాట్లాడటం నేర్చుకున్నవాళ్ళు మంచులో నిలబడి ఫోటోలు పంపుతుంటారు. బాగుందిరా అని జవాబిస్తాను. ఒక్కోసారి ఆ ఫోటో కాసేపు అలా చూస్తూ ఉండిపోతాను, అబద్ధమెందుకు.

మొదటి ఫ్లెక్సీ ఇప్పటికీ ఉంది. చిన్నబాపు దుకాణం వెనక కాలిన మోటార్లు తడవకుండా దాన్నే కప్పుతాడు. మొన్న వానకు గాలి దాన్ని తిరగేస్తే ఇద్దరం పరుగెత్తాం. మంచుకొండల ముందు సూటు కుర్రాడు బురదలో వెల్లకిలా పడి నవ్వుతున్నాడు, తల నిండా జుట్టుతో. చిన్నబాపు వాణ్ణి చూసి, నా బట్టతల చూసి అన్నాడు.

"నువ్వు ముసలోనివైతున్నవ్ గనీ, వీడు మాత్రం ఇంక కెనడా పోతనే ఉన్నడు రా."

"పోనియ్యి చిన్నబాపూ," అన్నాను. వాడి ముఖం మీది బురద చేత్తో తుడిచి, ఒక కొస ఆయన, ఒక కొస నేను పట్టుకుని మళ్ళీ మోటార్ల మీద కప్పాం.