తెగకుండా నిలిచిన కడ్డీ

మేనకోడలికంటే రెండేళ్ళు చిన్న తరగతిలో చేరిన మేనమామను ఆ విశ్వవిద్యాలయం అంతకుముందు ఎరగదు. ఆయన బాయిలర్ల కర్మాగారంలో వెల్డింగు అతుకులను తనిఖీచేస్తూ సగం ఆయుష్షు గడిపి, అతుకు ఎక్కడ చెడిందో చెప్పడమే తప్ప ఎందుకు చెడిందో తెలుసుకోలేకపోతున్నానన్న వెలితి పట్టలేక, నలభై దాటిన వయసులో ఉద్యోగానికి దండం పెట్టి పరిశోధక విద్యార్థిగా వచ్చినవాడు. రియాక్టరునుంచి వేడిని మోసుకువచ్చే ఉక్కు గొట్టాల అతుకులు ఎన్నాళ్ళు మన్నుతాయో తేల్చమని అణువిద్యుత్తు సంస్థ ఒకటి ఆ ప్రయోగశాలకు నిధులిచ్చింది. ఆయన భృతి ఆ నిధులలోనిదే. ఏడాది నిండగానే సంస్థవారు వచ్చి సమీక్షిస్తారు. పని నచ్చితే చదువు సాగుతుంది, నచ్చకపోతే అంతటితో సరి. విడిచి వచ్చిన కుర్చీలో అప్పటికే మరొకరు కుదురుకున్నారు.

ఆ ప్రయోగశాలలోనే మూడో ఏడు చదువుతున్న అక్కకూతురు ఆయనకు పని నేర్పే పెద్దదిక్కయింది.

"మామయ్యా! నునుపు పెట్టిన ముక్కని వట్టి చేత్తో పట్టుకుంటావా? వేలిముద్రలు తప్ప ఇంకేం కనపడతాయి దానిమీద?"

"నీ ముక్కు తుడిచిన చెయ్యేనమ్మా ఇది."

"అందుకే మరీ భయం. గ్లవ్స్ వేసుకో."

ఆమె నోట విని తక్కినవారందరూ ఆయనను మామయ్య అనే పిలవసాగారు. పరిశోధనను నడిపించే గైడుగారు సైతం ఒకనాడు నిండు సమావేశంలో "దీనికి మామయ్య ఏమంటారు?" అని, అన్న తరువాత నాలుక కరుచుకున్నారు.

పని చూడబోతే బహు సులభం. మధ్యలో అతుకు ఉన్న చిటికెనవ్రేలంత ఉక్కు కడ్డీని నిలువు కొలిమిలో వేలాడదీస్తారు. పైనున్న మీటకు ఒక కొసన ఆ కడ్డీ, రెండవ కొసన బరువులు పేర్చిన పళ్ళెం. ఎర్రని వేడిలో కడ్డీ వెంట్రుకవాసి సాగితే పళ్ళెం దానికి పదింతలు క్రిందికి దిగుతుంది. అలా వారాలు, నెలలు సాగి సాగి ఒకనాటికి కడ్డీ తెగుతుంది. పళ్ళెం క్రిందనున్న ఇసుకపెట్టెలో దభీమని పడుతుంది. ఎంతకాలానికి తెగిందన్నదే ఫలితం. అక్కడివారికి తెగడం శుభవార్త, తెగకపోవడం దిగులు.

ఈ సంగతి ఇంట్లో ఇల్లాలికి ఎంత చెప్పినా కొరుకుడు పడలేదు.

"తెగకపోతే మంచిదే కదండీ? గొట్టం గట్టిదన్నమాటేగా?"

"తెగితేగాని ఎంత గట్టిదో తెలీదే."

"బాగుంది. వంటింట్లో గిన్నె జారితే నన్నంటారు. మీరు విరగ్గొడితే భృతా!"

ఆయన మొదటి రెండు కడ్డీలు బుద్ధిగా తెగాయి. మూడవది తెగలేదు. తెగవలసిన గడువు దాటింది, దానికి రెట్టింపు గడువూ దాటింది. సాగుదలను చూపే గీత కంప్యూటరు తెరమీద నిద్రపోతున్న పాములా అడ్డంగా పడివుంది. గైడుగారి ముఖం వెలిగింది. ఈ అతుకు తక్కినవాటివంటిది కాదనీ, సమీక్షనాడు దీనినే ముందుపెడదామనీ అన్నారు. మామయ్యకు నేలమీద కాళ్ళు నిలవలేదు. పుట్టిన శిశువును చూపినట్లు వచ్చినవారికల్లా ఆ కొలిమిని చూపించాడు.

అయితే తనిఖీదారు బుద్ధి ఊరుకోదు కదా. సమీక్ష నాలుగు రోజులుందనగా ఒక ఉదయం ఆయన ఆ గీతవంక చూస్తూ చూస్తూ ఉలిక్కిపడ్డాడు. వేడిలో బరువు మోసే ఉక్కు నెమ్మదిగా సాగవచ్చును, మరీ నెమ్మదిగానూ సాగవచ్చును. బొత్తిగా సాగడం మానుకోదు. బరువు మోస్తున్నంతవరకు మానుకోదు.

పళ్ళెం ముందున్న రేకు తలుపు తీసి, మోకాళ్ళమీద వంగి, ఒక కాగితాన్ని పళ్ళెం అడుగుకు దూర్చబోయాడు. కాగితం దూరలేదు. పళ్ళెం ఇసుకమీద హాయిగా కూర్చుని ఉంది. బరువంతా ఇసుకే మోస్తోంది, కడ్డీ ఎన్నాళ్ళనుంచో ఊరకనే వేడి కాచుకుంటోంది.

ఆ ఇసుక పోసినవాడు ఎవరో కాదు, తానే. రెండవ కడ్డీ తెగినపుడు ఇసుక చిమ్మి గది పాడయిందనీ, ఆ అదురుకు పక్క యంత్రాలు కదిలాయనీ, శుభ్రమంటే ప్రాణమిచ్చే ఆ మనిషి పెట్టె అంచుదాకా ఇసుక నింపి, పైన చదును కూడా చేశాడు. మేలుచేయబోతే కీడెదురైనట్లయింది.

మేనకోడలు వచ్చి చూసి, ముందు పగలబడి నవ్వి, తరువాత ఆయన ముఖం చూసి నవ్వు మింగింది.

"గైడుగారు సంస్థవాళ్ళకి అప్పుడే చెప్పేశారు, మామయ్యా. తెగని అతుకని."

"చెప్తే చెప్పారు. అది తెగని అతుకు కాదు, కూర్చున్న అతుకు. ఆ మాట నేనే చెప్తాను."

"భృతి ఆపేస్తే?"

"ఆపేస్తే..." అంటూ ఆయన మోకాళ్ళు దులుపుకుని గైడుగారి గదివైపు నడిచాడు.

గైడుగారు అంతా విని "సమీక్షలో మీరే చెప్పండి. ఇసుక పోసింది మీరేగా" అన్నారు. ఆ గొంతులో కోపమున్నదో నవ్వున్నదో మామయ్యకు అంతుచిక్కలేదు.

కొలిమి ఆర్పారు. పాడయిన ప్రయోగమైనా లోపలేముందో చూడకుండా పారవేయడానికి ఆయనకు చేతులు రాలేదు. చల్లారిన కడ్డీని నిలువునా కోసి, మేనకోడలి పర్యవేక్షణలో అద్దంలా నునుపుచేసి, సూక్ష్మదర్శినిక్రింద పెట్టి కన్ను ఆనించాడు. చాలాసేపు కన్ను తీయలేదు.

"ఏంటి మామయ్యా, నిద్రపోయావా?"

"నువ్వు చూడు తల్లీ."

కరిగి గట్టిపడిన అతుకు నిక్షేపంగా ఉంది. దాని ప్రక్కనే, కరగక వేడికి మాత్రం ఉడికిన సన్నని పట్టీలో, నల్లని చుక్కలు కుట్టుపోసినట్లు వరుసగా ఉన్నాయి. అవి పుట్టుకొస్తున్న రంధ్రాలు. తెగిన కడ్డీలలో సరిగ్గా ఆ చోటే చిరిగి చిందరవందర కావడంవల్ల, చుక్కలు ఎక్కడ మొదలయ్యాయో వాటిలో ఎవరికీ కనబడేది కాదు.

సమీక్షకు వచ్చిన ఇంజనీరుగారు నెరసిన జుట్టు, ముక్తసరి మాట గల ఆవిడ. మామయ్య ముందు ఇసుక సంగతి చెప్పి, తరువాతనే చిత్రాలు చూపించాడు. ఆమె కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

"దీన్ని సరిగ్గా ఇక్కడ ఆపాలని ఎవరికి తోచింది?"

"ఇసుకకండీ."

గది గొల్లుమంది. ఆమె మాత్రం నవ్వలేదు.

"పళ్ళెం కూర్చున్నది ఎప్పుడో తెలుసా?"

"గీత అడ్డం తిరిగిన రోజండి. అయితే ఆ తర్వాత కూడా వేడిలోనే ఉంది కాబట్టి దీన్ని ఫలితాల్లో కలపలేదు."

"కలిపి ఉంటే నేనే తీసేసేదాన్ని." ఆమె చిత్రాన్ని దగ్గరకు లాక్కున్నారు. "తెగిన ముక్కలు మా దగ్గర గుట్టలుగా ఉన్నాయి. తెగబోతూ ఆగిన అతుకుని ఇంత స్పష్టంగా నేను చూడలేదు. మళ్ళీ చెయ్యగలరా? ఈసారి కావాలని?"

"చేస్తానండి."

"అయితే చెయ్యండి. భృతి సంగతి నేను రాసి పంపిస్తాను." లేవబోతూ ఆగి, "ఇసుక మాత్రం తగ్గించండి, మామయ్యగారూ" అన్నారు. అప్పుడు నవ్వారు.

పెట్టెలోని ఇసుక సగానికి దిగింది. ఆపదలచినపుడు పళ్ళేన్ని ఎత్తిపట్టేందుకు క్రింద ఒక మర అమర్చారు. కొత్త కడ్డీ వేడెక్కింది. ఎప్పుడు ఆపాలన్నదానిమీద మేనమామా మేనకోడళ్ళకు రోజూ వాదమే. చివరకు ఆయన మాటే నెగ్గింది. మర తిప్పి, కొలిమి ఆర్పి, కోసి చూస్తే లోపల ఒక్క చుక్కయినా లేదు.

"తొందరపడ్డావు మామయ్యా! చెప్తే విన్నావా? ఇన్ని వారాల పని, ఏమీ లేదు!"

"ఏమీ లేకపోవడమేంటి? ఇక్కడిదాకా ఏమీ లేదని తెలిసిందిగా!" అంటూ ఆయన రెండు గ్లవ్స్ తొడుక్కుని, ఈసారి ఇంకొంత ముందుదాకా సాగనివ్వవలసిన మరో కడ్డీని ఈలవేసుకుంటూ కొలిమిలో వేలాడదీశాడు.