పాలుకిచ్చిన గొంతు

నా పేరు సారమ్మ. డెబ్బై దాటాయి. కనకమామిడిలో నేను, కొడుకు, కోడలు ఒక్క పొయ్యి మీద వండుకుని తింటాం. నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే పాస్టరమ్మ రాస్తోంది. పోయిన ఆదివారం ప్రార్థన ముగియకముందే కబురొచ్చింది. కామెర్లతో దవాఖానలో ఉన్న నా మేనకోడలు పోయింది.

మొయినాబాద్‌లో కిరాయి గదిలో ఆ పిల్ల ఒక కంపెనీ పెట్టింది. ఫోన్‌లో పువ్వు బొమ్మ నొక్కితే మార్కెట్‌లో ఆనాటి ధర పలకాలి. పూలు అమ్ముకునే చదువు రాని ఆడవాళ్లు మార్కెట్‌కు బస్సెక్కక ముందే తెలుసుకోవాలి. పలికే గొంతు నాది. పూలు గుచ్చుతుంటే ఫోన్ నా నోటి దగ్గర పెట్టి పూల పేర్లు, అంకెలు ఒక్కొక్కటే పలికించేది.

"అత్తా, జర చామంతి అను."

"నీ పెండ్లికి అంట తియ్!"

"పెండ్లికాడికి ఆగుతదా పువ్వు? అను!"

చాయ్ సాసర్‌లో పోసుకుని తాగేది. "నీకు సమజ్ కాలేదంటే తప్పు నీది కాదత్తా, చెప్పినోళ్లది" అనేది. అట్లా అన్న మనిషి నాకు ఇంకెవరూ లేరు.

సాఫ్ట్‌వేర్ చేసే పని తనకు రాదు, మనుషుల్ని పెట్టుకునే తాహతు లేదు. పట్నంలో ఒక కన్సల్టెన్సీ వాళ్లు పైసలు వద్దు, కంపెనీలో వాటా ఇస్తే చాలు, మేమే చేసిపెడతామన్నారు. నన్నడిగింది.

"పాలుకిచ్చుడే గద బిడ్డా! దున్నినోడు పంటల సగం తీస్కపోతడు, భూమిని సంకన పెట్టుకపోతడా? ఇయ్యి" అన్నాను.

ఆ మాట అన్నది నేనే. సంతకం పెట్టింది. చేసిన సాఫ్ట్‌వేర్, అందులో పోసిన గొంతు అన్నీ వాళ్లవేనని కాగితంలో ఉందట. పిల్ల మంచాన పడగానే దాన్ని మార్కెట్‌లో మా పూలు కొనే కమీషన్ వ్యాపారులకు ఇచ్చేశారు. ఇప్పుడు వ్యాపారి చెప్పిన తక్కువ ధర నా గొంతుతో పలుకుతోంది. సారమ్మ చెప్పిందని మా ఆడవాళ్లు నమ్మి అమ్ముకుంటున్నారు.

సమాధి చేసిన మూడో రోజు ఆ కన్సల్టెన్సీ మనిషి పూలదండతో వచ్చాడు. నా గొంతు తీసెయ్యమన్నాను.

"అమ్మా, ఆ రికార్డింగ్ మా ఆస్తి. మేడం సంతకం చేశారు."

"నా నోరు నీ ఆస్తా? అయితే ఇప్పుడు తిట్టే తిట్లు గూడ నీ ఖాతల రాస్కో!"

దండతో సహా వెళ్లగొట్టాను. చదివేవాళ్లంతా వినండి: ధర చెప్పే ఆ ముసలిది నేను కాదు, నమ్మకండి.

ఆ కన్సల్టెన్సీ వాళ్లకు ఒక్క మాట. నా గొంతు అందులోంచి తియ్యండి, కానీ చెరపకండి, నా చేతికివ్వండి. చామంతి అన్న మాట అయిపోయాక వెనక చిన్నగా ఒక నవ్వు వినిపిస్తుంది. అది నాది కాదు.

సారమ్మ, ఎడమ బొటనవేలి ముద్ర.
చూసినవాళ్లు: రాసిన పాస్టరమ్మ కరుణ, పక్క చేను యాదమ్మ.