ఎల్లయ్య మామ ఎర్రలైటు

పోచారం నుంచి మేడిపల్లి వైపు వచ్చే రోడ్డు మీద, పనులు జరిగేచోట అడ్డుపెట్టిన డ్రమ్ములకు ఎర్రలైట్లు వెలిగి ఆరుతుంటాయి. సాయంత్రం బస్సు అక్కడ ఆగినప్పుడల్లా నా ముక్కుకు తడి తవుడు వాసన తగులుతుంది. బస్సులో తవుడెక్కడిది? అది నాచారంలో నేను అద్దెకున్న ఇంటి పెరటి వాసన. ఆ ఇంటి ఓనరు ఎల్లయ్య మామ రోజూ కోళ్లకు తవుడు కలిపేవారు.

కాకినాడ నుంచి ఉద్యోగానికి వచ్చిన కొత్తలో ఆయన్ని అంకుల్ అని పిలిచాను. "అంకుల్ ఏంది, నేనేమన్న ఇంగ్లీషోన్నా? మామ అను" అన్నారు. సిటీ బస్సు నడిపి రిటైరైన మనిషి. రిటైరయ్యాక చాలాకాలం ఎవరితోనూ మాట్లాడకుండా గోడకేసి చూస్తూ కూర్చున్నారట. కోళ్లు వచ్చాకే మళ్లీ నోరు విప్పారని వాళ్లావిడ బాలమణి అత్తయ్య చెప్పింది. వెనక మూతబడ్డ ఫ్యాక్టరీ ఆవరణలోంచి చెట్లెక్కి తిరిగే మానుపిల్లి రాత్రివేళ వచ్చి రెండో కోడిని ఎత్తుకుపోయిన మర్నాడు ఉదయం, ఆవిడే ఈకలు ఊడుస్తూ తేల్చి చెప్పేసింది. "ఇంకొక్కటి పోయిందంటే మిగిలినయన్ని అమ్మేస్త. పొద్దుగాల లేస్తే గీ నెత్తురు కడుగుడు నాతోని కాదు."

గూట్లో నల్లపెట్ట గుడ్లు పొదుగుతోంది, మామ చూపు దాని మీదే ఉంది. కోళ్లు పోతే ఆయన మళ్లీ ఆ గోడకేసి చూస్తూ కూర్చుంటారేమోనని నాకు భయం వేసింది.

ఫోన్లో వెతికి ఒక లైటు తెప్పించాను. పగలంతా ఎండకు చార్జి అయి, చీకటి పడగానే ఎర్రగా వెలుగుతూ ఆరుతూ ఉంటుంది. ఎవరిదో కన్ను అనుకుని జంతువు జడుస్తుందట. ఇద్దరం కలిసి గూటి పైన మేకు కొట్టి బిగించాం. మామ గూటికి ఇనుప జాలీ కొత్తది వేశారు, తలుపుకు గట్టి గడియ పెట్టారు. కొన్నాళ్లు పిల్లి జాడ లేదు. నేను ఆఫీసులో అందరి దగ్గరా గొప్పలు పోయాను. తర్వాత ఒక ఉదయం చూస్తే జాలీ ఒక మూల వంగి ఉంది, లైటు పక్కనే గూటి కప్పు మీది దుమ్ములో పిల్లి అడుగులున్నాయి. నా లైటు వెలుగులోనే కూర్చుని తాపీగా జాలీ పీకిందన్నమాట.

కోళ్లు దక్కాయి గానీ, అత్తయ్య అమ్మేద్దామని ఫోన్ తీసింది. నేను లైటు కంపెనీని తిట్టుకుంటున్నాను. మామకు మాత్రం కోపం రాలేదు. "దానికి భయమెందుకు పోయింది?" అని పళ్లు తోముకుంటూ అడిగారు, చాయ్ తాగుతూ అడిగారు, నేను ఆఫీసుకు వెళుతుంటే గేటు దగ్గర ఆపి మళ్లీ అడిగారు.

ఆ సాయంత్రం చీకటి పడుతుండగా నేను వచ్చేసరికి ఆయన గోడ అవతల ఉన్నారు. ఫ్యాక్టరీ గడ్డిలో, ఆ వయసులో, మోకాళ్లూ చేతులూ నేలకానించి మా పెరటికేసి చూస్తున్నారు.

"బిడ్డా, స్టూలెక్కి జర ఇటు దిగు. ఎప్పుడన్న ఇటు దిక్కు నుంచి సూసినవా?"

"ఎవలన్న సూస్తే పరువు పోతది, లెవ్వయ్యా!" అంది అత్తయ్య.

నేనూ దిగి ఆయన పక్కన వంగాను. లైటు ఎక్కడో పైన, ఒకేచోట వెలుగుతూ ఆరుతూ ఉంది. కాసేపటికి నాకే విసుగొచ్చింది. మామ నవ్వారు.

"డిపోల లైట్లేసి నిలబెట్టిన బస్సు కింద కుక్కలు మస్తుగ పంటయ్. గదే బస్సు రోడ్డు మీద వస్తుంటే పక్కకు ఉరుకుతయ్. లైటు జరిగితెనే దాని ఎనక ఎవడో ఉన్నడని భయం. మనం బస్సును డిపోల పెట్టినం బిడ్డా."

మేకు పీకేసి లైటుకు తాడు కట్టాం. ఆనాటి నుంచి రోజుకో చోటు. జామకొమ్మకో, నీళ్ల డ్రమ్ముకో, గోడ పగులులోనో, పిల్లి కంటికి తగిలే ఎత్తులో, ఫ్యాక్టరీ వైపు తిప్పి పెట్టేవాళ్లం. నేను గేటు తీయగానే "ఇయ్యాల స్టాపు ఏడ?" అనేవారు. పిల్లి నిజంగా దీనికే జడిసిందో, కొత్త జాలీతో విసిగిపోయిందో నాకిప్పటికీ తెలియదు. ఆయనకూ తెలియదు, దాని గురించి ఎంతసేపైనా మాట్లాడేవారు. నల్లపెట్ట పిల్లల్ని చేసింది. అత్తయ్య అమ్మకం మాట మళ్లీ ఎత్తలేదు.

పోచారంలో నా ఉద్యోగం కస్టమర్ల ఫిర్యాదులు వినడం. ఎవరైనా ఫోన్లో అరుస్తుంటే నేను మనసులోనే గోడ దిగి ఆ గడ్డిలో వంగుతాను, అటు నుంచి మేమెలా కనిపిస్తున్నామో చూస్తాను. ఇంత ఓపిక ఎక్కడిదని తోటివాళ్లు అడుగుతారు. మానుపిల్లి సంగతి చెబితే నవ్వుతారని ఊరుకుంటాను.

నేను మేడిపల్లికి మారాక, నిరుడు మామ పోయారు. చాలా ఏడ్చాను. ఇక ఆ పెరట్లో కోళ్లుండవనే అనుకున్నాను. కానీ బస్సు ఈ ఎర్రలైట్ల దగ్గర ఆగే వేళకు ఫోన్ మోగుతుంది. బాలమణి అత్తయ్య.

"నిన్న డ్రమ్ముకు కట్టిన. ఇయ్యాల స్టాపు ఏడ బిడ్డా?"

"గోడ పగులులో పెట్టండి అత్తయ్యా. అటు దిక్కు నుంచి చూశారా?"

"మోకాళ్లు నొస్తుంటే గోడెక్కుడు ఎట్లనే పిల్లా" అని విసుక్కుంటుంది. తర్వాత గచ్చు మీద స్టూలు లాగుతున్న చప్పుడు వినిపిస్తుంది.