రివోలిలో మేవిస్ గొంతు

రివోలి సినిమా హాలు బింగో హాలైన ఏడాది, నేతమిల్లుల ఊరు థార్న్‌షాలో సగం మంది మూతి విరిచారు. పిలిచే నంబర్లు చీటీలో కొట్టేసుకుంటూ డబ్బు గెలిచే ఆట బింగో. చర్చికి వెళ్లేవాళ్లు జూదమన్నారు, చదువుకున్నవాళ్లు దిగజారుడన్నారు. ఇలా అన్నవాళ్లలో ఒక్కరూ అంతకుముందు టికెట్టు కొని అక్కడ సినిమా చూసిన పాపాన పోలేదు. ఇంట్లో టీవీ ముందు కాళ్లు బారజాపుకుని, రివోలి మాత్రం చల్లగా ఉండాలని కోరుకున్నవాళ్లే అందరూ. ఊళ్లో మిగతా రెండు హాళ్లలో ఒకటి తివాచీల కొట్టయింది, ఇంకోదాన్ని పడగొట్టి ఆ జాగాలో కార్లు పెట్టుకుంటున్నారు. రివోలి మాత్రం పైకప్పు మీది బంగారురంగు పూలతో సహా నిలబడింది. నిలబెట్టింది బింగో ఆడే ఆడవాళ్లు. నచ్చినా నచ్చకపోయినా నిజం అదే.

మేవిస్ క్లెగ్ ఆ హాల్లో చేరింది పదహారో ఏట. ఆలస్యంగా వచ్చినవాళ్లకు చీకట్లో టార్చి పట్టుకుని సీటు చూపించడం ఆమె పని. వెలుగు నేల మీదే పడాలి, మాట పక్కవాడికి కూడా వినపడకూడదు. మొగుడూ అక్కడే దొరికాడు. పైన గదిలో ప్రొజెక్టరు నడిపే విల్ఫ్‌తో సినిమా మధ్యలో మాట్లాడే వీలెక్కడిది? బొమ్మ మసకబారితే మేవిస్ టార్చిని గుండ్రంగా తిప్పేది. సౌండు చాలకపోతే కిందినుంచి పైకి ఎత్తేది. అతను గోడ కన్నంలోంచి చూసి సరిచేసేవాడు, సరిపోగానే ఆమె టార్చి ఆర్పేసేది. ఆ సైగలతోనే ప్రేమించుకున్నారని ఊరు వేళాకోళం చేసేది. అందులో అబద్ధమేమీ లేదు.

తెర విప్పి తీసుకెళ్లిన రోజున, చచ్చినా మళ్లీ ఆ ముందు గుమ్మం తొక్కనని విల్ఫ్ ఒట్టు పెట్టుకున్నాడు. రేడియోలు బాగుచేసే కొట్లో పనికి కుదిరాడు. మేవిస్‌కి మాత్రం ఆ గోడల్ని వదిలి పోబుద్ధి కాలేదు. బింగో టికెట్లమ్మే కిటికీలో కూర్చుంది.

అప్పట్లో వేదిక మీద నిలబడి నంబర్లు పిలిచేది ఎక్కడైనా మగవాళ్లే. రివోలిలో పిలిచే అతను బ్లాక్‌పూల్‌లో ఇంతకంటే మంచి పని దొరికి వెళ్లిపోయాడు. ఆ పని తనకిమ్మని మేవిస్ మేనేజరు లోమాక్స్‌ని అడిగింది. ఆయన ముందు నవ్వాడు. తర్వాత ఏమనుకున్నాడో, రెండు శనివారాలు మధ్యాహ్నం ఆటలు పిలిచి చూడమన్నాడు. కుదరకపోతే బయటినుంచి ఒక మగమనిషిని తెప్పిస్తానన్నాడు. ముప్ఫై ఏళ్లు చీకట్లో తిరిగిన మేవిస్ మొహం ఆ హాల్లో ఎవరూ సరిగా చూసింది లేదు. ఒక్కసారి దీపాల కింద నిలబడాలని ఆమె కోరిక. సిగ్గుపడాల్సిన కోరికేమీ కాదది.

మొదటి శనివారం వేదికెక్కి, మొదటి బంతి తీసి దాని మీది నంబరు చదివింది. మైకు ఉంది. కానీ గుసగుసను మైకు కూడా గుసగుసగానే చెబుతుంది. కింద కూర్చున్నవాళ్లలో సగం మంది నేతమిల్లు ఆడవాళ్లు. మగ్గాల హోరులో చెవులు పోగొట్టుకుని, పెదాలు చూసి మాట పోల్చుకునే మనుషులు. ముందు వరుసలవాళ్లు ఆమె పెదాలు చూసి నంబర్లు కొట్టేసుకున్నారు. వెనకవాళ్లకు పెదాలూ అందలేదు, మాటా అందలేదు. వాళ్లింకా వెతుక్కుంటుండగానే ముందు వరుసలో ఎవరో చీటీ నిండిపోయి "హౌస్" అని గెలిచేశారు.

వెనకనుంచి నెల్లీ హోర్రాక్స్ లేచి నిలబడింది. మిల్లులో జుట్టు నెరిసిన మనిషి, నోటికి మొహమాటం ఎరగదు.

"ఏమే మేవిస్, నంబర్లు చదువుతున్నావా, మాకు సీట్లు చూపిస్తున్నావా?"

హాలంతా గొల్లుమంది. మేవిస్ కూడా నవ్వు మొహం పెట్టి తర్వాతి ఆటకి బంతి తీసింది.

ఇంట్లో ఆమె ఏమీ చెప్పలేదు. చెప్పే పనీ లేకపోయింది. రేడియో కొట్టుకొచ్చిన ప్రతివాడూ విల్ఫ్ చెవిన వేసే వెళ్లాడు.

"నీ గొంతుకేమైంది?" అన్నాడతను ఆ సాయంత్రం భోజనం దగ్గర.

"ముప్ఫై ఏళ్లు నొక్కిపెట్టాను గదా. ఇప్పుడు రమ్మంటే రానంటోంది."

"మానెయ్యి మరి. నువ్వు లేకపోతే ఆ జూదం ఏం ఆగిపోదులే."

"అది ఆగదు, నేనే ఆగిపోతా," అంది మేవిస్. "నువ్వు నీ గది తలుపేసుకుని వచ్చేశావు విల్ఫ్. నాకు వేసుకోడానికి గది లేదు. ఆ హాలంతా నాదే."

విల్ఫ్ కంచం ఖాళీ చేసి లేచాడు.

రెండో శనివారం హాలు కిటకిటలాడింది. వేడుక చూద్దామని వచ్చినవాళ్లూ లేకపోలేదు. లోమాక్స్ చేతులు కట్టుకుని పక్క తలుపుకి ఆనుకున్నాడు. మొదటి నంబరు మళ్లీ పీలగానే వచ్చింది. రెండోదీ అంతే. నెల్లీ చెవి వెనక అరచెయ్యి పెట్టుకుంది. లోమాక్స్ గడియారం చూసుకున్నాడు. మేవిస్‌కి ఎక్కడ చూడాలో తోచక తలెత్తింది.

బింగో వచ్చాక బాల్కనీ మూసేశారు, అక్కడ దీపాలుండవు. ఆ చీకట్లో, పాత ప్రొజెక్టరు గది కన్నం కింద, చిన్న వెలుగు. కిందినుంచి పైకి లేచింది. దిగింది. మళ్లీ పైకి లేచింది.

వంటింటి సొరుగులో ఉండాల్సిన తన టార్చి. వెనక ఇనపమెట్ల తాళంచెవి విల్ఫ్ ఎన్నడూ తిరిగివ్వలేదని ఆమెకప్పుడు గుర్తొచ్చింది. ముందు గుమ్మం తొక్కనన్న ఒట్టు ఒట్టుగానే ఉంది, మనిషి మాత్రం వచ్చాడు. సౌండు పెంచమంటున్నాడు. అన్నేళ్లూ తను అడగ్గానే పెంచినవాడు, మొదటిసారి తనని అడుగుతున్నాడు. ఎలా కాదంటుంది?

మేవిస్ మూడో బంతి తీసింది.

"పదకొండు! చక్కని కాళ్ల జత!"

పక్కపక్కన రెండు కాళ్లలా కనిపించే పదకొండుని పిలవగానే ఈలలెయ్యడం బింగో ఆనవాయితీ. హాలు హాలంతా ఈలేసింది. నెల్లీ చెవి మీది చెయ్యి తీసి పెన్ను పట్టుకుంది. పైన వెలుగు ఇంకోసారి లేచింది, ఇంకొంచెం అన్నట్టు. మేవిస్ ఇంకొంచెం పెంచింది. నాలుగో నంబరుకి టార్చి ఆరిపోయింది.

ఆ తర్వాత ఒంట్లో ఓపికున్నంత కాలం రివోలిలో నంబర్లు మేవిసే పిలిచింది. మగ్గం ఆడవాళ్లకు చివరి వరుసలో కూడా వినపడే గొంతని పక్క ఊళ్లనుంచి బస్సుల్లో వచ్చి ఆడేవాళ్లు. రివోలి మా ఊరి హాలని చెప్పుకోడానికి థార్న్‌షాలో ఎవరికీ నామోషీ లేకుండా పోయింది.

ఆ శనివారం ఆమె ఇంటికెళ్లేసరికి టార్చి సొరుగులోకి చేరిపోయింది. విల్ఫ్ ఎక్కడికీ కదలనివాడిలా పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. ఆమె కూడా అడగలేదు. టీ కప్పు అతని ముందు పెడుతూ, "ఇవాళ చివరి వరుస దాకా వినపడిందట," అంది.

"చివరి వరుసేంటి," అన్నాడు విల్ఫ్ పేపరు వెనకనుంచి. "బాల్కనీ దాకా వినపడింది."