మంద వెనక మనిషి

పెద్దన్నను నిద్ర లేపకుండానే అతని గొర్రెలను తోలుకుపోయారు.

కందికోతలు అయ్యాక మా రాచర్ల వైపు మేత ఉండదు. మందలు మార్కాపురం, త్రిపురాంతకం, వినుకొండ మీదుగా నడిచి కృష్ణా మాగాణులకు పోతాయి. కోసిన వరి చేలల్లో ఎరువు కోసం రాత్రిళ్లు మంద కట్టుకుంటూ గడిపి తొలకరికి తిరిగొస్తాయి. పెద్దన్నవీ అతని బావమరిది శ్రీనువీ కలిపి ఒకే మంద. పెద్దన్న పెళ్లయిన నాటి నుంచీ శ్రీను ముందు నడుస్తాడు, పెద్దన్న వెనక నడుస్తాడు. కష్టమంతా వెనక మనిషిదే. ఎవరి చేలోనో పడిన గొర్రెను పరుగెత్తి మళ్లించాలి. దారిలో ఈనిన పిల్లను భుజాన వేసుకోవాలి. అలాంటి పెద్దన్న ఆ రోజు లేచి చూస్తే దొడ్డి ఖాళీ. పుల్లలచెరువు నుంచి సాగర్ అనే మనిషిని జీతానికి మాట్లాడుకుని శ్రీను వెళ్లిపోయాడు.

మాది పక్కిల్లు, పెద్దన్న నాకు వరసకు మామ. అతను ఫోన్లో అరవడం మా ఇంట్లోకి వినబడింది. స్పీకరు పెట్టి మాట్లాడటం అతనికి అలవాటు.

"చెప్పకుండా పోతావేందిరా? నా గొర్రెలు కావా అవి?"

"నీవే బావా, ఎవురు కాదన్నారు? పోయినేడు రోడ్డు దాటేకాడ నువ్వు ఉరకలేకపోతివి, రెండు గొర్రెలు లారీ కింద పడె. నీ మోకాళ్లు పోయినాయి. ఇంటికాడ ఉండు. అక్కకు చెప్పే వచ్చినా."

అక్క అంటే పెద్దన్న భార్య కోటమ్మ. ఆమె పొయ్యి దగ్గర నుంచి తలెత్తలేదు.

"నీకు చెప్తే ఆగుతావా? రోడ్డు మీద పడి నువ్వు పోతే నాకెవురు దిక్కు?" అంది.

పెద్దన్నకు అప్పటికి నలభై ఏడేళ్లు. ఊళ్లో మోకాళ్లు బాగున్న మగపిల్లలం చాలామందిమి బస్టాండులో ఫోన్లు చూస్తూ కూర్చుంటాం. మమ్మల్ని మంద వెనక రమ్మని ఎవరూ అడగరు, అడిగినా పోం. నడుస్తానన్న మనిషినేమో వదిలేసి పోయారు.

గిద్దలూరులో డాక్టరుకు చూపించుకోవడానికి నన్ను తోడు తీసుకెళ్లాడు. డాక్టరు ఎక్స్‌రే దీపానికి ఎదురుగా పెట్టి, "అరిగినాయి. కూర్చొని చేసే పని ఏదైనా చూసుకో" అన్నాడు.

"కూచోని చేసే పని మా ఊళ్లో ఒకటే సార్, పంచాయితీ. దానికి మనుషులు నిండిపోయినారు."

డాక్టరు నవ్వాడు. పెద్దన్న నవ్వలేదు.

ఆ మర్నాటి నుంచి తెల్లవారగానే నడక మొదలుపెట్టాడు. ఊరి నుంచి గుట్ట దాకా వేగంగా పోయి, వచ్చేటప్పుడు కాస్త దూరం పరుగెత్తేవాడు. గిద్దలూరులో కాలేజీ గ్రౌండు చుట్టూ బూట్లు వేసుకుని తిరిగేవాళ్లను నేను పోయినప్పుడల్లా చూస్తాను. తిన్నది అరగడానికి వాళ్లు నడిస్తే అది ఆరోగ్యం. తినే దారి నిలుపుకోవడానికి పెద్దన్న నడిస్తే నవ్వులాట.

"ఏంది పెద్దన్నా, షుగరొచ్చిందా?" అని టీ బంకు హరిబాబు కేకేసేవాడు.

"కాదులే, గొర్రెలు లేకుండా గొర్రెల మేపను పోతండాడు" అనేది యల్లమ్మవ్వ.

ఆ మాట అతనికి గుచ్చుకుంది. గొర్రెలు కాసే మనిషి వట్టి చేతులతో గుట్టకు పోవడం మావైపు ఎవరూ చూసి ఎరగరు. అందుకని ఇంట్లో ఉన్న రెండు మేకలను తాళ్లతో పట్టుకుని నడవసాగాడు. అవి ప్రతి కంప దగ్గరా ఆగేవి. అతను లాగేవాడు. జనం ఇంకా ఎక్కువ నవ్వారు.

తొలకరికి మంద తిరిగొచ్చింది. శ్రీను ముందు పెద్దన్న గుట్ట దాకా పరుగెత్తి చూపించాడు. రొప్పుతూనే, "ఈ యేడు నన్ను వదిలిపోతే ఊరుకోను" అన్నాడు.

శ్రీను, "సరే బావా. కందికోతల నాటికి ఇట్లనే ఉరికితే నువ్వే ఎనక. మాటిస్తున్నా" అన్నాడు.

వానాకాలం బాగానే గడిచింది. చలి మొదలయ్యాక కుడి మోకాలు బిగుసుకుపోసాగింది. పొద్దున లేచి గోడ పట్టుకుని నిలబడేవాడు. కోటమ్మ చూస్తే చెప్పు వెతుకుతున్నట్టు వంగేవాడు. కందికోతలు దగ్గరపడ్డాయి. మంద కదిలే వారంలో, కోటమ్మ చేనికి పోయినప్పుడు, ఇనుప చువ్వ ఎర్రగా కాల్చి తన మోకాలికి తనే వాత పెట్టుకున్నాడు. కుంటే గొర్రెకు వాళ్లు చేసే వైద్యం అదే. నేను వాసనకు పరుగెత్తి పోయేసరికి గోడకు ఆనుకుని చెమటలు కక్కుతున్నాడు.

"ఏం పని మామా ఇది?"

"ఎన్ని గొర్రెలకు పెట్టలేదు? అన్నీ నడిచినాయి. మీ అత్తకు చెప్పబాక."

వాత పెట్టిన గొర్రె నాలుగు రోజులు ఓ మూల కదలకుండా నిలబడుతుంది. పెద్దన్నకు ఆ నాలుగు రోజులు లేవు. మర్నాడే గుట్టకు పోయాడు. పుండు పగిలి చీము పట్టింది, జ్వరం వచ్చింది. ఆసుపత్రిలో మంచం మీద ఉండగానే మంద కదిలింది. ఈసారి శ్రీను దొంగతనంగా పోలేదు. వచ్చి మంచం దగ్గర నిలబడి, "పొయ్యొస్తా బావా" అని చెప్పే వెళ్లాడు.

పుండు మానింది కానీ కాలు పూర్తిగా మడతపడదు. ఇప్పుడు మేకలను కోటమ్మే తోలుకుపోతుంది. నేను హైదరాబాదుకు పనికి బయలుదేరే ముందు చెప్పి పోదామని వెళ్లాను. గోడ నీడలో కాలు చాపుకుని కూర్చుని ఉన్నాడు, పక్కన ఫోను. ఎలా ఉన్నావని అడిగితే తన సంగతి చెప్పలేదు.

"శ్రీను ఫోన్ చేసినాడబ్బయ్యా. నా గొర్రెలు ఇప్పుడు ఆ సాగర్ పిలిచినా వస్తన్నాయంట. మొదట రాలేదంట, నిలబడి ఎనక్కి చూసేవంట. ఇప్పుడు వస్తన్నాయంట. మంచిదే గదా? రాకపోతే యాడికి పోతాయి."