విమానం దిగేదాకా చీపురు ముట్టొద్దు

మా ఇంట్లో ఎవరైనా ప్రయాణమైతే, క్షేమంగా చేరారన్న కబురు వచ్చేదాకా ఇల్లు ఊడవరు. అది మా అత్తమ్మ పట్టింపు. పాల్వంచ నుంచి ఖమ్మం వెళ్తే అదేమంత కష్టం కాదు, బస్సు పూట గడవకముందే చేరుతుంది. ఈసారి మా ఆయన ఏజెంటు ద్వారా దక్షిణాఫ్రికాలో పవర్ ప్లాంటు పనికి బయలుదేరాడు. ఆయన ఫిట్టర్.

తెల్లవారుజామున విమానం ఎక్కుతున్నానని మెసేజ్ వచ్చింది.

"ఎప్పుడు చేరుతడే?" అంది అత్తమ్మ.

హైదరాబాద్ నుంచి జొహానెస్‌బర్గ్ ఎంత దూరమో ఫోన్‌లో వెతికాను. ఏడు వేల కిలోమీటర్ల పైచిలుకు, తొమ్మిది గంటల ప్రయాణం అని ఉంది.

"మధ్యాహ్నం దాటుతది అత్తమ్మా."

"అందాక చీపురు ముట్టకు."

మా పాప అప్పుడే పాకడం నేర్చింది. చిక్కుడు ఈనె, వెంట్రుక, చచ్చిన చీమ, ఏది దొరికినా నోట్లోకే. వేలు పెట్టి తీస్తూ వెనకాలే తిరిగాను. విసుగొచ్చి ఆ సంగతి ఆయనకు మెసేజ్ కూడా పెట్టాను.

పది దాటిందో లేదో వీడియో కాల్ వచ్చింది. "చేరిన. ఇల్లు ఊకుండ్రి" అన్నాడు. అత్తమ్మ దేవుడికి దండం పెట్టి ఇల్లంతా ఊడ్చేసింది.

నాకు లెక్క కుదరలేదు. తొమ్మిది గంటల దారి అంత తొందరగా ఎలా తరిగింది? ఆయన వెనక తెల్లగోడ తప్ప ఏమీ కనిపించలేదు. చుట్టూ చూపించమంటే నెట్ సరిగా లేదన్నాడు. మా వీధిలో ఒకతన్ని ఏజెంటు ఒక దేశం పేరు చెప్పి ఇంకో దేశంలో దింపాడు. అది గుర్తొచ్చి పెరట్లోకి వెళ్లి ఫోన్ చేశాను.

"నిజం చెప్పు. యాడున్నవ్?"



"అడిస్ అబాబాల. దారి నడుమ ఈడ విమానం మారాలె. రెండోది ఇంక ఎక్కలే."

"మరి చేరిన అంటివి?"

"ఏం జెయ్యాలె? అమ్మ ఊకనియ్యదు. పొద్దుగూకేదాక పాపను చీమలు తిననిస్తవా? అమ్మకు చెప్పకు, చంపుతది."

అక్కడి బోర్డు ఫోటో పంపమన్నాను. పంపాడు. అలాంటి ఫోటో ఎక్కడైనా దొరుకుతుంది కదా అనిపించింది.

అత్తమ్మ చీపురు పట్టింపు చూసి డిగ్రీ చదివిన నేను లోలోపల నవ్వుకునేదాన్ని. ఇప్పుడు మనిషి దారిలో ఉండగానే ఇల్లు ఊడ్చేశారన్న సంగతి ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. సాయంత్రం దీపం వేళ మళ్లీ ఊడుస్తారు. అప్పటికీ ఆయన ఇంకా గాలిలోనే ఉంటాడు. చీపురు తీసి బియ్యం డ్రమ్ము వెనక దాచాను.

"చీపురేదే?"

"పొద్దుగాల ఊకినం గద అత్తమ్మా. చాలు తియ్యి."

"ఊకకుంట దీపమెట్ల పెడతరు? గా మొకమేందే? వాడు నిజంగ చేరిండా?"

"చేరిండు" అన్నాను పాపను చూస్తూ. ఆమె కళ్లు నా మీద నుంచి కదల్లేదు. దీపం పెట్టకుండా గడప దగ్గర కూర్చుంది. నేనూ కూర్చున్నాను, ఫోన్ పట్టుకుని.

చీకటి పడ్డాక మోగింది. ఈసారి అడగకుండానే చుట్టూ తిప్పి చూపించాడు. ప్లాంటు బస్సు, పక్కన ఆయనతో పనికొచ్చిన మన కొత్తగూడెం వాళ్లు ఇద్దరు. "అమ్మా, ఇప్పుడే దిగిన!" అని నోరు జారాడు.

"ఇప్పుడేందిరా?"

అత్తమ్మ లేచి నేరుగా బియ్యం డ్రమ్ము దగ్గరికి వెళ్లింది. చీపురు తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ఊకు. ఇద్దరికిద్దరు దొంగలే."

అది అక్కడుందని ఆమెకెప్పటి నుంచి తెలుసో, ఇంకా ఏమేం తెలుసో, ఇది రాస్తున్న ఈ రాత్రికీ అంతుబట్టలేదు.